రన్నింగ్‌ల దిగొద్దు

పందొమ్మిదేండ్లాయె దేవరకొండ డిపోల.
నా నోట్లకెళ్లి ఎక్కువసార్లు వచ్చిన మాట ఇదే:
రన్నింగ్‌ల దిగొద్దు.
పెండ్లి మంత్రం ఒక్కసారే విన్న,
దీన్ని మాత్రం రోజుకు నలభైసార్లు చదివిన.

మొన్న ఎండకాలం సంది ఏమైందో ఏమో,
కూరల ఉప్పుందో లేదో నాలికె చెప్పకపోయేది.
ఏడుపు కాదు. ఏడుపైతే బాగుండు,
మొఖం కడుక్కుంటే ఐపోతది.
ఇది రాత్రిపూట ఖాళీ బస్సు డిపోకు మళ్లినట్టు:
లైట్లన్నీ వెలుగుతనే ఉంటయి, సీట్లల్ల ఎవ్వరుండరు.
డాక్టరు రక్తం చూసిండు, బలం గోలీలిచ్చిండు.
డ్రైవర్ జంగయ్య అద్దంలకెళ్లి చూసి
"ఏం బాలమణక్కా, రైట్ అనుడు గూడ మరుస్తున్నవ్" అన్నడు.

చిట్టీ ఎత్తిన పైసలుండె, ఫ్రిజ్జుకని.
సాగర్ రూట్ల గోడ మీద ఒక బొమ్మ:
ఆకాశంల బోర్ల పడుకొని ఎవడో నవ్వుతున్నడు.
ఎందుకు నవ్వుతున్నడో తెల్వాలని
రెండు నెలలు కొట్టుకలాడిన.
వీక్లీ ఆఫ్ నాడు పోయిన. ఇంట్ల చెప్పలే.

ఆడోళ్లకు జీరో టికెట్ లేదాడ.
సచ్చిపోతే మాది పూచీ కాదని
పదకొండు సంతకాలు తీసుకున్నరు.
కాంటా ఎక్కిచ్చిండ్రు, అరవై ఏడు.
"ఏం తిన్నవమ్మా?" "రెండు ఇడ్లీలు."
"ఒకటి చాలుండె."

నన్ను బెల్టులతోని తన రొమ్ముకు కట్టుకున్నోడు
ఆర్మీల చేసొచ్చిన సర్దార్జీ.
మా అత్త చూస్తే
విమానాన్ని కొంగు పట్టుకొని కిందికి గుంజేది.

తలుపు తెరిస్తే
లోపటికొచ్చింది గాలి కాదు, లారీ.
కింద డ్యాం గేట్లు దువ్వెన పండ్లంత.
బత్తాయి తోటలు, గీత కలపకముందు ముగ్గు చుక్కలు.
నేను దినామూ తిరిగే తొవ్వ
తెగిపడ్డ దారప్పోగు.
"చలో" అన్నడు సర్దార్జీ.
నా నోరు దానంతట అదే అన్నది:
రన్నింగ్‌ల దిగొద్దు!

దిగినం.

మొదలు కడుపు పైన్నే ఉండిపోయింది, విమానంల, నా సీట్ల.
తర్వాత నేను లేను. చెంపలే ఉన్నయి,
చెవుల దాకా జారి టపటప కొట్టుకునే చెంపలు.
ఆ చప్పుడుల ఒక బావి ఇనొచ్చింది.
మా అవ్వగారింటి మోటబావి.
గడ్డ మీదికెళ్లి ఉరికొచ్చి, కాళ్లు ముడుసుకొని దుంకి
పోరగాండ్లకంటే ఎత్తుకు నీళ్లు లేపిన పోరి.
పన్నెండో ఏట పెద్దమనిషినైతి,
బావి దిక్కు పోతే కాళ్లిరుగుతయన్నది అమ్మ.
తర్వాత బోర్లొచ్చినయి, బావి ఎండింది.
నా దుంకుడు మాత్రం నడుమనే ఆగిపోయి
ముప్పై ఏండ్ల సంది గాలిలనే ఉన్నట్టుంది.
ఇయ్యాల పడ్డది.

ఛత్రి ఇప్పుకున్నది. నడుముకు ఒక్క గుంజుడు.
అంతా ఊకున్నది.
నా చుట్టూ అంత నిశ్శబ్దం నేనెన్నడెరగ.
పడేటప్పుడు మస్తు నవ్వినవని తర్వాత సర్దార్జీ అన్నడు.
నవ్వు కాదది, తిట్లు.
తెలుగుల తిట్టిన, ఆయనకు తెల్వదు.

గడ్డిల కూలబడ్డ. మోకాళ్లు సెల్ఫోను లెక్క వణుకుతున్నయి.
ఆకలంటే ఆకలి కాదు.
కట్ట కాడ చాపల పులుసు తిన్న.
ఉప్పెక్కువైంది.
రెండో ముద్దకు చెయ్యి ఆగిపోయింది:
ఉప్పెక్కువైందని తెలిసింది!

ఇది మందని ఎవ్వరికి చెప్పను.
శుక్రారం నాటికి ఖాళీ బస్సు మళ్ల వచ్చి నిలబడ్డది.
కాకపోతే దాని తలుపు ఏ దిక్కుందో
ఇప్పుడు నాకెరుక.
ఫ్రిజ్జేదని మా ఆయన అడుగుతనే ఉన్నడు.

నిన్న మల్లేపల్లి మలుపు కాడ
కాలేజీ పోరి ఒకతి, బ్యాగు ఎదకు హత్తుకొని,
బస్సు ఆగకముందే దుంకి, నాలుగడుగులు ఉరికి,
పడబోయి, నిలబడి,
పండ్లన్నీ కనవడేటట్టు నవ్వింది.

అరిచిన నేను.
జర ఆలస్యంగా.